నీళ్లలోనూ ఆగని ఇంజను

నువాక్షోత్, క్సర్ పేట
అక్టోబరు, 1997

తమ్ముడు దాహ్‌కు సలాం.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. గ్లానాకు ముందరి పన్ను ఊడింది. ఈ సంవత్సరం బడికి పంపుతున్నాను. రోజూ ఏడుస్తూ వెళ్లి నవ్వుతూ వస్తోంది.

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని చాలా తన్నుకులాడాను. మొన్న పొద్దున టీకి బొగ్గులు రాజేస్తుంటే వీధి చివర ఎవరో బండి స్టార్టు చేశారు. ముందు దగ్గినట్టు రెండు మూడు ఉలుకులు, తర్వాత రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు చప్పుడు, ఆ వెనకే బానెట్టు గలగల. నా చేతిలో పట్టకారు కింద పడింది. దాహ్, అది మీ బావ బండి. పెళ్లయిన దగ్గర్నుంచీ నేను ఆ మోతతోనే నిద్ర లేచాను. నీళ్ల లారీ అయినా, పోలీసు బండి అయినా ఎప్పుడు కదిలిందో నాకు పట్టదు. ఇది మాత్రం నా చెవి పొరబాటు పడే చప్పుడు కాదు.

చెప్పుల్లేకుండా పరిగెత్తాను. నేను మలుపు చేరేసరికే బండి కదిలిపోయింది. లోపల కిక్కిరిసి జనం, పైన మూటలు, మూటల మీద ఒక మేక. బండి రంగు తెలుపు. మీ బావది నీలం. వీధిలో ఆడవాళ్లంతా నన్నే చూస్తున్నారు. "ఎవరి కోసమే తెక్బర్, ఆ పరుగు?" అని ఒకావిడ నవ్వింది.

జనవరి నెలాఖరున నీ దగ్గరికని ఆటువేళ నీళ్లు తగ్గినప్పుడే బండ్లు నడిచే తీరం ఇసుక దారిన బయల్దేరిన మనిషి నిన్ను చేరలేదు, వెనక్కీ రాలేదు, నువ్వు వెతికినా జాడ దొరకలేదు. మా అత్తయ్యేమో "నా కొడుకు స్పెయిన్ దీవుల్లో లాస్ పాల్మాస్‌లో ఉన్నాడు. బండి సముద్రంలో ఆగిపోతే స్పెయిన్ పడవవాళ్లు ఎక్కించుకున్నారు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతోంది. ఎవరో డ్రైవరుకు ఇంకెవరో డ్రైవరు చెప్పిన మాట అది. మన మామయ్య తన కొడుకు షేఖ్నాకు నన్నిచ్చి చేయాలని కాజీ చుట్టూ తిరుగుతున్నాడు. భర్త కనబడకుండా పోతే నాలుగేళ్లు ఆగాలట. ఆ గడువు ఉన్నన్నాళ్లూ నన్నెవరూ కదిలించలేరు.

నీ షెడ్డుకు రాని బండి లేదు. ఆ తెల్లబండి ఎవరిదో కనుక్కుని రాయి.

నీ అక్క
తెక్బర్


నువాదిబు
నవంబరు

అక్కకు దాహ్ సలాం.

నీ చెవులకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి. కానీ ఒక్కమాట. ఈ దేశంలో తిరిగే బండ్లలో సగం ఫ్రాన్సులో ముసలివైపోయి, ఎడారి దాటి నా షెడ్డుకు వచ్చి, మళ్లీ పెళ్లికొడుకుల్లా ముస్తాబైనవే. అన్నిటిదీ ఒకే కార్ఖానా, ఒకే ఇంజను, ఒకే దగ్గు. అలాంటి చప్పుడు వినబడినప్పుడల్లా నువ్వు చెప్పుల్లేకుండా పరిగెడితే క్సర్ పేటలో గాజుపెంకులన్నీ నీ కాళ్లలోనే ఉంటాయి.

జనం నా దగ్గరికి డీజిలు బండి కోసమే వస్తారు. పెట్రోలు బండిది అలిగే స్వభావం. ఉప్పుగాలి తగిలితే ఒక అలక, తడి తగిలితే ఇంకో అలక. నిప్పురవ్వ పుట్టించే తీగలు నానాయంటే అక్కడే చతికిలబడుతుంది. డీజిలుకు ఆ రవ్వే అక్కర్లేదు. గాలిని గట్టిగా నొక్కి ఆ వేడికే మండుతుంది. ఒకసారి లేచిందంటే బ్యాటరీ పీకి అవతల పారేసినా నడుస్తూనే ఉంటుంది. తక్కువ తాగుతుంది, ఎక్కువ మోస్తుంది, పాడైతే సుత్తీ రెంచీ చాలు. దీన్ని నమ్ముకున్నవాణ్ని ఇది మధ్యలో వదిలిపెట్టదని నేను అందరికీ చెప్పేవాణ్ని.

సరే, ఈ ఇంజను సంగతులు నీకెందుకు. గ్లానాకు ఖర్జూరాలు పంపుతున్నాను. షేఖ్నా విషయంలో నువ్వు కంగారు పడకు. గడువు గడువే.

నీ తమ్ముడు
దాహ్


నువాక్షోత్, క్సర్ పేట
నవంబరు చివర

దాహ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను అడిగింది బండి ఎవరిదని. నువ్వు రాసింది డీజిలు మహిమ. చిన్నప్పుడు పాలకుండ పగలగొట్టినప్పుడు కూడా నువ్వు అమ్మకు పిల్లి కథ ఇంత పొడుగున చెప్పావు.

నేనే కనుక్కున్నాను. ఉత్తరాది బండ్లు ఆగే చోటుకు వారం పాటు రోజూ వెళ్లాను. చివరికి ఆ మోత వినబడింది. డ్రైవరు పేరు బౌనా. కుర్రవాడు, మాటకారి.

"ఈ బండి ఎవరు చేశారయ్యా?" అని అడిగాను.

"నువాదిబు దాహ్ దగ్గర చేయించా అక్కా. బాడీ ఒకచోటిది, ఇంజను ఇంకోచోటిది. ఎండాకాలం నుంచి తోలుతున్నా, ఒక్కరోజు మొరాయిస్తే ఒట్టు! ఒక్కటే బాధ. వేడెక్కిందంటే చేపల వాసన. నేను స్నానం చెయ్యలేదని ప్యాసింజర్లు నన్ను తిడుతున్నారు."

బానెట్టు ఎత్తమన్నాను. "నీకేం అర్థమవుద్దక్కా ఇందులో?" అంటూనే ఎత్తాడు. ఇంజనును బండికి బిగించే కాలికి నువ్వు వేసిన అతుకు ఉంది. మా పెరట్లో కూర్చుని వేశావు, అప్పటికి నీకు చేయి తిరగలేదు. పుండు మానిన మచ్చలా గడ్డకట్టి ఉంటుంది. మీ బావ పొట్ట పట్టుకుని నవ్వాడు, గుర్తుందా? దాని మీద చేయి పెట్టాను. వేడిగా ఉంది. చేయి కాలుతున్నా తీయలేకపోయాను.

బౌనా చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఆ ఇంజనే దీన్ని నీ దగ్గరికి మోసుకొస్తుంది. అది నీ చేతికి ఎలా వచ్చిందో రాయి. ఈసారి పిల్లి కథ వద్దు.

తెక్బర్


నువాదిబు
డిసెంబరు మొదట్లో

అక్కా,

నిజమే. అది బావ ఇంజనే.

జూన్‌లో సాలెం అనే చేపలాయన పడవలో వేసుకొచ్చి అమ్మాడు. మమ్‌గర్ అనే చేపల ఊరికి దక్షిణాన తీరంలో వాళ్ల గుడారాలు. బండి అక్కడ ఇసుకలో సగం కూరుకుపోయి ఉందట. ఇనుము వృథా పోతుందని ఇంజను ఊడదీసి, తుప్పు పట్టకుండా నిండా చేపనూనె పోసి, వలల కింద దాచి ఉంచారు. ఆ వాసన అందుకే. నేను అతుకు చూసి గుర్తుపట్టాను.

నీకెందుకు చెప్పలేదంటే, చెప్పడానికి ఏముంది? ఖాళీ బండి. డ్రైవరు వైపు తలుపు తెరిచే ఉందని సాలెం అన్నాడు. తలుపు తెరిచి ఉందంటే దిగిపోయి ఉండొచ్చు. ఎటు పోయాడో దేవుడికి తెలియాలి. నిన్ను మళ్లీ మళ్లీ రేపడం ఎందుకని ఊరుకున్నాను. అంతే.

నా మీద కోపం పెట్టుకోకు.

దాహ్


నువాక్షోత్, క్సర్ పేట
డిసెంబరు

ప్రియమైన తమ్ముడికి,

కోపమా! నీ నుదురు ముద్దాడాలని ఉంది.

తలుపు తెరిచే ఉందన్న మాట మా అత్తయ్యకు చదివి వినిపించాను. ఆవిడ నేలకు తల ఆనించి ఎంతసేపటికీ లేవలేదు. సాయంత్రం మేకను కోయించి వీధిలో అందరికీ అన్నం పెట్టింది. "చెప్పానా? నా కొడుకు ఈత వచ్చినవాడని చెప్పానా?" అని ఇంటింటికీ వెళ్లి దెప్పింది. లాస్ పాల్మాస్ వెళ్లే ఒక పడవ మనిషికి మీ బావ ఫోటో ఇచ్చాం. గ్లానా తనకు ఎర్రచెప్పులు తెమ్మని చెప్పమంది.

నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు, దాహ్. బతికే ఉంటే ఒక్క కబురైనా ఎందుకు పంపలేదు? నా మీద విరక్తా? కళ్లు మూస్తే ఆ మోత. తలుపు దాకా వచ్చి ఆగకుండా అక్కడే నడుస్తూ ఉంటుంది. ఎవరూ దిగరు. లేచి వెళ్లి చూస్తే వీధి ఖాళీ.

చేపల కాలం మొదలైంది కదా, సాలెం వాళ్లు మళ్లీ గుడారాలు వేసి ఉంటారు. వెళ్లి ఆ మనిషినే అడుగుతాను. ఏ పడవ ఎక్కాడో, ఏ దిక్కుకు పోయాడో ఎవరో ఒకరు చూసే ఉంటారు. బౌనా బండిలోనే బయల్దేరుతున్నాను.

ఇంకొక మాట. బౌనా నీ పనితనం గురించి గొప్పలు చెబుతూ, "ఇంజనంతా పాతదే అక్కా, లోపల పిస్టన్ను తోసే ఒక్క రాడ్డు మాత్రం విల్లులా వంగిపోయి ఉంటే మార్చాడు. ఆ వంగిన రాడ్డు చూసి మీ తమ్ముడు ఆ రోజు పని మానేసి ఇంటికి పోయాడు" అన్నాడు. రాడ్డు వంగితే ఏమిటి? నువ్వెందుకు ఇంటికి వెళ్లిపోయావు?

నీ అక్క


నువాదిబు
డిసెంబరు

అక్కా,

బయల్దేరొద్దు. ఇప్పటికే బయల్దేరి ఉంటే మమ్‌గర్‌లో దిగొద్దు, నేరుగా నా దగ్గరికి రా. నీకు ఎదురుగా కూర్చుని చెబుతాను. ఈ ఉత్తరం తెచ్చే డ్రైవరును నీకోసం దారిలో ప్రతి బండినీ ఆపి అడగమన్నాను.

నీ కాళ్లు పట్టుకుంటాను, గుడారాల దగ్గర ఆగకు.

దాహ్


మమ్‌గర్
డిసెంబరు

దాహ్,

నీ ఉత్తరం అందింది. అప్పటికే నేను గుడారాల దగ్గర ఒక పగలు గడిపాను.

సాలెం సముద్రం మీదికి వెళ్లాడు. అతని భార్య మసూదా చేపలు కోస్తూ ఉంది. పెద్దావిడ, పొగాకు నములుతుంది. నేనెవరో చెప్పగానే కత్తి పక్కన పెట్టి, చేతులు ఇసుకతో రుద్దుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ తమ్ముడు చెప్పలేదా తల్లీ?"

"తలుపు తెరిచి ఉందని చెప్పాడు."

"తెరిచింది మేమే కదమ్మా. పోటు తగ్గాక." ఆవిడ నా ముఖం చూసి ఆగిపోయింది. "అయ్యో. చెప్పలేదన్నమాట."

చెప్పమన్నాను. అన్నీ చెప్పమన్నాను.

ఆ రోజు బండి ఆలస్యంగా వచ్చిందట. అప్పటికే పోటు మొదలై నీళ్లు ఒడ్డుకు ఎక్కుతున్నాయి. ఒకపక్క ఇసుక కట్ట నిలువుగా, ఎక్కే దారి లేదు. ఇంకోపక్క అలలు. మమ్‌గర్ కనబడే దూరంలోనే వెనక చక్రాలు దిగబడ్డాయి. ఒక్కడే ఉన్నాడు, బండి నిండా సరుకు. దిగి చూశాడు, చక్రాల కింద రేకులు వేశాడు, మళ్లీ ఎక్కాడు.

"మా ఆయనా నేనూ పిల్లలూ కట్ట మీద నుంచి కేకలేశాం. దిగు నాయనా, బండి పోతే పోయింది, తాడు వేస్తాం రమ్మని. అతను వినకపోలేదు తల్లీ. కిటికీలోంచి చేయి బయటపెట్టి ముందుకు చూపించాడు. 'నడుస్తోంది! నడుస్తోంది!' అని అరిచాడు. నిజంగానే నడుస్తోంది! నీళ్లు తలుపుల సగం దాకా వచ్చినా ఆ ఇంజను ఆగలేదు. వెనక నీళ్లలోంచి బుడబుడమని పొగ. అల వచ్చినప్పుడల్లా జానెడు ముందుకు జరిగేది. జరిగినప్పుడల్లా మాకూ ఆశ పుట్టేది. వెళ్లిపోతాడనే అనుకున్నాం. తర్వాత పెద్ద అల ఒకటి వచ్చింది. చప్పుడు ఆగిపోయింది."

ఆవిడ మళ్లీ కత్తి అందుకుంటూ అంది. "పెట్రోలు బండ్లు ఎన్నో మునిగాయిక్కడ. మొదటి అలకే చస్తాయవి. మనుషులు తిట్టుకుంటూ దిగి కట్టెక్కేస్తారు. ఈ బండి చచ్చుంటే అతను బతికేవాడు."

పోటు తగ్గాక వెళ్లి తలుపు తెరిచారట. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయట. కడిగి, నమాజు చేసి, ఇసుక కట్టకు పైన పూడ్చిపెట్టారు. నువాక్షోత్ వైపు వెళ్లే మొదటి బండివాడికి చెప్పారు. వాడెవడికి చెప్పాడో, ఆ మాట చేతులు మారి మారి మా ఇంటికి వచ్చేసరికి లాస్ పాల్మాస్ అయింది. ఆ తర్వాత కొద్దిరోజులకే చేపలు ఉత్తరానికి మళ్లితే వీళ్లూ గుడారాలు ఎత్తేశారు. నువ్వు వెతకడానికి వచ్చేసరికి ఇక్కడ ఎవరూ లేరు, బండిని అలలు ఇసుకలో కప్పేశాయి.

సమాధి చూశాను. తలవైపు పడవ చెక్క ఒకటి పాతారు. అక్కడ కూర్చుంటే అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకు ఏడుపు రాలేదు. కింద బౌనా నాకోసం ఇంజను ఆపకుండా ఉంచాడు. దాని మోత కట్ట మీదికి వినబడుతూనే ఉంది. ఆపమని చేయి ఊపాను. వాడు వస్తున్నానని చెబుతున్నాననుకుని సరేనన్నట్టు హారను కొట్టాడు.

నీకు ఇదంతా జూన్ నుంచే తెలుసు. మేం మేకను కోయించి ఊరికి అన్నం పెట్టాం, దాహ్.

తెక్బర్


నువాదిబు
డిసెంబరు చివర

అక్కా,

రాడ్డు వంగితే ఏమిటని అడిగావు.

ఇంజను నడవని స్థితిలో నీళ్లు చేరితే ఏ రాడ్డూ వంగదు. పరిగెడుతున్న ఇంజను గాలికి బదులు నీళ్లు మింగితేనే వంగుతుంది. నీళ్లను నొక్కడం ఇనుము వల్ల కాదు. సాలెం ఒక్క మాట చెప్పకపోయినా ఆ రాడ్డు చూస్తే నాకు తెలిసిపోయేది. చివరి క్షణం దాకా బావ కాలు యాక్సిలరేటరు మీదే ఉంది.

ఆ బండి ఆయనకు కొనిపెట్టింది నేను. ఆయన పెట్రోలు బండి చూసుకున్నాడు, మెత్తగా నడుస్తుందని. నేనే మాన్పించాను. "ఇది సముద్రంలో కూడా ఆగదు బావా" అన్నాను. నవ్వులాటకు అన్నాను.

కొత్త రాడ్డు వేసి మొదటిసారి తాళం తిప్పినప్పుడు అది లేవకూడదని మొక్కుకున్నాను. సగం తిప్పుకే లేచింది. ఎప్పుడూ ఆగనేలేదన్నట్టు లేచింది. షెడ్డంతా చేపల పొగ. ఆపుదామని లివరు లాగాను, ఉప్పుకు బిగుసుకుపోయిందేమో, ఆగలేదు. తాళం తీసినా ఆగలేదు. గాలి లాగే గొట్టంలో నా చొక్కా కుక్కితే అప్పుడు ఆగింది. ఆ తర్వాత దాన్ని కళ్లెదుట ఉంచుకోలేక బౌనాకు ఇచ్చేశాను.

నీకు నాలుగేళ్ల గడువు ఒక గోడలా ఉంది కదా. బావ పోయాడని తేలితే ఆ గోడ పడిపోయి షేఖ్నా వచ్చి గుమ్మంలో నిలబడతాడని, అందుకే దాచానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం, నీ ముఖం చూడలేక.

బౌనాకు ఇంకో బండి చేసిస్తాను. ఆ ఇంజను ముక్కలు చేసి సముద్రంలో వేసేయమంటావా?

దాహ్


నువాక్షోత్, క్సర్ పేట
జనవరి, 1998

తమ్ముడు దాహ్‌కు సలాం.

సాలెం, ఇంకో చేపలాయన వచ్చి కాజీ ముందు సాక్ష్యం చెప్పారు. కాజీ ఇద్దరినీ విడివిడిగా అడిగి, మీ బావ హమ్మూద్ చనిపోయాడని తీర్పు చెప్పారు. ఆ రోజు నుంచి నేను బయటి మగవాళ్లకు కనబడకుండా శోకంలో కూర్చున్నాను. వీధిలో ఆడవాళ్లంతా వచ్చారు. బండి వెంట పరిగెత్తిన రోజు నన్ను చూసి నవ్వినావిడ వచ్చి పక్కన కూర్చుని నా జడ విప్పి దువ్వింది. అప్పుడు ఏడ్చాను. ఏడాదిగా రానిదంతా వచ్చింది.

మా అత్తయ్య మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేనే కొడుకును చంపేసినట్టు చూసింది. నాలుగో రోజు రంజాను ఉపవాసం విడిచేవేళ తన గిన్నెలోని గంజి నాకు పోసి, "చేతులు స్టీరింగు మీదే ఉన్నాయన్నారా?" అని అడిగింది. అవునన్నాను. "చిన్నప్పుడూ అంతే. పట్టుకున్నది వదిలేవాడు కాదు" అంది. ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని పడుకున్నాం.

గ్లానాకు చెప్పడమే కష్టమైంది. "అయితే చెప్పులు రావా?" అంది. రావన్నాను. రాత్రి పడుకోబోతూ, "నాన్న కూడానా?" అంది.

షేఖ్నా కబురు పంపాడు. శోకం గడువు తీరాక మాట్లాడదామన్నాను. నా జవాబు ఏమిటో నాకు ఇప్పుడే తెలుసు. గోడ లేకపోయినా నేను నిలబడగలను, దాహ్. ఆ సంగతి నన్నడిగి ఉంటే నేనే చెప్పేదాన్ని.

నీ మీద కోపం లేదని రాయలేను. ఉంది. తగ్గుతుంది. నవ్వులాటకు నువ్వన్న మాటకు కాదు, ఆ మాట మీ బావ ఎన్నిసార్లు అందరికీ చెప్పుకుని మురిశాడో నాకు తెలుసు. నన్ను ఆశ పెట్టినందుకు.

ఇంజను ముక్కలు చేయకు. బౌనాకు ఇంట్లో తినే నోళ్లు ఎక్కువ, ఆ బండి వాడికి అన్నం పెడుతోంది. నిన్న వాడు పలకరించడానికి వస్తే తెర వెనక నుంచే ఒట్టు వేయించుకున్నాను. తీరం మీద నీళ్లు ఇరుసును తాకాయంటే అందరినీ దింపి, తనూ దిగి కట్ట ఎక్కాలని.

వాడు బుర్ర గోక్కున్నాడు. "బండి నడుస్తుంటే కూడానా అక్కా?"

"నడుస్తున్నప్పుడే దిగాలి. ఆగిపోయాక ఎవడైనా దిగుతాడు."

వాడు ఒట్టు వేశాడు. నీ షెడ్డు నుంచి బయటికి వెళ్లే ప్రతి డ్రైవరు చేతా నువ్వూ వేయించు. ముందు నువ్వు వేసి, వేశానని నాకు రాయి.

నీ అక్క
తెక్బర్